వయోలాల వైపు

శ్రీవారికి,

వదినగారు వాళ్ళింటి నుంచి మీ తరఫున రాసిన ఉత్తరం అందింది. కుడి చెయ్యి భుజం దాకా లేస్తోందని రాశారు. మీరు చెప్పింది అంతేనా, ఆవిడ కుదించారా? బీరకాయల బేరమైనా తమ్ముడి ఆరోగ్యమైనా మీ అక్కగారు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పక్షవాతం వచ్చిన మనిషి గురించి ఇంకో రెండు ముక్కలు రాస్తే ఏం పోయింది?

మీ బదులు కండక్టరుగా మన ఆర్కెస్ట్రా కచేరీ నడిపించడానికి వచ్చినావిడ మనిషి పొట్టి. మీరు నిలబడే పీట మీద ఇంకో పీట వేయించుకున్నారు. గొంతు పెంచరు. ఎవరైనా తప్పు వాయిస్తే ఆపేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. తుడుచుకున్నంతసేపూ మాకు ఊపిరాడదు. మొదటి రోజే మన ట్రంపెట్ వాయించే పోస్టుమాస్టరుగారు, "మా కండక్టరుగారు ఈ చోట ఇంత నిదానంగా తీసుకోరండీ" అన్నారు. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. ఆయన వచ్చాక ఆయనలాగే వాయిద్దురుగాని అన్నారు. దాంతో ఆర్కెస్ట్రా అంతా ఆవిడ పక్షమైపోయింది.

సెల్లో వాయించడానికి వచ్చినాయన మీ వయసువాడే. మాటలు తక్కువ, బిస్కెట్లు ఎక్కువ. మనిషంత వాయిద్యం కదా, రైల్లో కిటికీ పక్క సీటు సెల్లోకి ఇచ్చి తను ఇవతల కూర్చుంటాడట. బడి హాల్లో ఫ్యాన్లు ఆపించి మరీ సాధన చేస్తున్నాం, లేకపోతే మెత్తటి స్వరాలు వినబడవు.

నా సంగతా? వయొలిన్లకి అక్కల్లాంటి మా వయోలాలు వాటికీ సెల్లోలకీ మధ్య ఎప్పుడూ ఉన్నచోటే ఉన్నాయి. మందులు మానకండి.

మీ ఆవిడ

*

శ్రీవారికి,

ఈ ఉత్తరం వదినగారికి ఇవ్వకండి. మీరే చదవండి.

కచేరీ అయింది. హాలు నిండింది. జనం లేచి నిలబడ్డారు. అదంతా పత్రికలో వస్తుంది, చదువుతారు. నేను రాయాల్సింది వేరే ఉంది.

ఈ రచన రెండో భాగంలో సెల్లో ఏదో అడిగినట్టు ఆగిపోతే, వయోలా ఒక్కటే జవాబు చెప్పే చోటు మీకు తెలుసు. మనం ఇదివరకు వాయించినప్పుడు దాన్ని నా పక్కన కూర్చునే పళ్ళ డాక్టరుగారికి ఇచ్చారు. ఆయనకి చెమటలు పట్టాయి. అయినా ఆయనకే ఇచ్చారు, పెళ్ళాం కాబట్టి ఇచ్చాడన్న మాట పడకూడదని. నేనడగలేదు, మీరు చెప్పలేదు. ఈ కొత్తావిడకి నేనెవరో తెలియదు. మా అందరిచేతా ఒక్కొక్కరిగా వాయించి విని, మీరు వాయించండి అని నన్ను చూపించారు. అందరూ కాగితాల్లోకి తలలు దించుకున్నారు. నేనెవరో నేనూ చెప్పలేదు.

నిన్న ఆ చోటు వచ్చింది. సెల్లో ఆగింది. ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగారు. చెయ్యి ఊపలేదు. ఎంతసేపు కావాలంటే అంతసేపు తీసుకో అన్నట్టు ఊరికే చూశారు. నేను వాయించాను. ఎలా వాయించానో చెప్పలేను గానీ, సెల్లో ఆయన తల తిప్పి చూశాడు.

మీ ఎదుట ఇరవై ఏళ్ళు కూర్చున్నానండీ. మీ చూపు వయొలిన్ల దగ్గర బయలుదేరి, నన్ను దాటుకుని, సెల్లోల దగ్గర దిగేది. కండక్టరు భార్యనంటే బజార్లో 'ఏ రూటండీ?' అని అడిగేవారు. 'మా స్టాపులో ఆగని బస్సండీ' అనేదాన్ని. అందరూ నవ్వేవారు, మీరూ నవ్వేవారు.

ఇంట్లో చూడలేదని అనను. జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చున్న మనిషి మీరు. కానీ చేతిలో వయోలా ఉన్నప్పుడే నాకు నేను పూర్తిగా ఉన్నట్టుంటుంది. ఆ నన్ను మీరు చూడలేదు. ఆ చూపు కోసం ఇన్నేళ్ళూ మొహం వాచి ఉన్నానని, అది దొరికాకే తెలిసింది. చప్పట్లు మోగుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. ఆ చూపు మీది కాదు.

ఇంకో సంగతి దాచాను. ఆవిడ ఇక్కడే ఉండిపోవడానికి ఒప్పుకున్నారట. మన ఆర్కెస్ట్రా సెక్రటరీగారు నన్ను పక్కకు పిలిచి, "ఆయన మళ్ళీ నిలబడతారామ్మా? ఆయన్నే అడగడానికి మాకు నోరు రావడం లేదు. వస్తారంటే ఎన్నాళ్ళైనా ఆగుతాం" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ఆవిడ ఉంటే నాకు వాయించడానికి దొరుకుతుంది. మీరు తిరిగి రాకపోతే మాత్రం, ఆ పీట మీద నుంచి ఏదో ఒకనాడు ఇటు తిరుగుతారన్న ఆశ పోతుంది. దాన్ని వదులుకోవడం నాకు చేతకావడం లేదు.

ఏం చెప్పమంటారు?

మీ ఆవిడ

*

ఏమోయ్,

అక్షరాలు చూసి కంగారు పడకు. ఎడమ చెయ్యి. ఇది అక్కచేత రాయించే ఉత్తరం కాదుగా. ఆవిడ తలుపు దగ్గర తచ్చాడి తచ్చాడి వెళ్ళింది.

ఎందుకు చూడలేదో రాద్దామని కూర్చున్నాను. రాసి చింపేశాను. మళ్ళీ రాశాను. ఒక్క కారణమూ నీ ముందు నిలబడేలా లేదు.

సెక్రటరీకి ఫోను చేశాను. ఆ కొత్తావిడని వదులుకోవద్దన్నాను. నా చెయ్యి భుజం దాటి లేవదు, డాక్టరు చెప్పేశాడు. నీకు రాయొద్దని అక్కని బతిమాలాను, అందుకే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చింది. కాబట్టి నువ్వు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

ఆశ పోతుందని రాశావు. పీట మీద నిలబడ్డవాడికి అందర్నీ చూసే పని ఉంటుంది. హాల్లో కూర్చున్నవాడికి ఆ బాధ లేదు. ఒక్కరినే చూసుకోవచ్చు.

ఆదివారం వస్తున్నాను. అక్క తీసుకొచ్చి దింపుతుంది. కచేరీ నేను వినలేదు. ఆ చోటు నాకు మళ్ళీ వాయించి పెడతావా? సెల్లో మన ఇంట్లో లేదు, ఆ భాగం నేను నోటితో పాడతాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, ఓర్చుకో. పాడి, ఆగి, నీ వైపు తిరుగుతాను.

మీ ఆయన