దొంగ ఊపిరి

ప్రియమైన దుర్గకు,
మూతికి మాస్కు, మాట్లాడలేను. లోపలికి ఫోను రానివ్వరు. అందుకే ఈ చీటీ నర్సు అబిగయీలక్కతో పంపుతున్నాను. ఫ్లూ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిందట. డాక్టరమ్మ రోజూ కాసేపు మాస్కు తీసి, ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమంటారు. ఎంత దూరం పోతే అంత బలం ఉన్నట్టు. ఈ రోజు ముప్పై చెప్పాను! "గట్టోడివే పెంచలయ్యా" అన్నారు. లెక్క తగ్గితే గొంతులో ఊపిరి గొట్టం వేస్తారు. పక్క మంచం ఆయనకు వేశారు, మళ్లీ కళ్లు తెరవలేదు. నాకా బాధ లేదులే. వేళకు తిను.
నీ పెంచల్

ప్రియమైన మామకు,
ముప్పై అని చదివి నమ్మలేకపోయాను. నిన్న తలుపు అద్దంలోంచి చూశాను, నీళ్ల గ్లాసు ఎత్తడానికే ఆయాసపడుతున్నావు. అందరూ కలిసి సముద్రంలోంచి అలివివల ఒడ్డుకు లాగేటప్పుడు నువ్వు ఎడతెగకుండా పాట ఎత్తితే ఒడ్డంతా నోరు తెరుచుకుని చూస్తుంది. మాటకూ మాటకూ నడుమ పెదవి కదలకుండా దొంగ ఊపిరి లాగుతావని పెళ్లయిన కొత్తలో నాకు నువ్వే చెప్పావు. డాక్టరమ్మ దగ్గరా అదే చేశావు కదూ? నిజం నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? రేపు పొద్దున దాకా చూస్తాను. కోప్పడితే కోప్పడు. బతికుండి కోప్పడు.
నీ దుర్గ

దుర్గా,
భయమే, ఒప్పుకుంటున్నాను. నడిసముద్రంలో గాలివాన కొట్టినా ఇంత వణకలేదు. గొట్టం వేస్తే నిద్రమందు ఇస్తారట. మునిగినవాడు తేలతాడో లేదో ఎవరు చెప్పాలి? అయినా నువ్వు చెప్పకముందే నేనే చెప్పేశాను. డాక్టరమ్మ తిట్టలేదు. రక్తపరీక్ష చూసి ఆమెకూ అప్పటికే అనుమానం వచ్చిందట. ఛాతీ మీద చెయ్యి పెట్టి మళ్లీ లెక్కపెట్టించారు. ఆరు దగ్గరే ఆగిపోయాను. "ఇంక ఆలస్యం చేయకూడదయ్యా" అన్నారు. తలుపు బయటే ఉండు.
పెంచల్

ప్రియమైన మామకు,
గొట్టం వేసి వారమైంది. జవాబు రాదని తెలిసీ రాస్తున్నాను. అబిగయీలక్క ఇది నీ చెవి దగ్గర చదువుతానంది. నేనే నిన్ను ఆ గొట్టం దాకా తోశానేమో అని కుమిలిపోతున్నాను. "నీ మొగుడి బదులు మిషను ఊపిరి తీస్తుండాదమ్మా, ఆయన అలుపు తీర్చుకుంటుండాడు" అంటుంది అక్క. మీ తమ్ముడు ఫోన్ చేసి, "పాటెత్తే అన్న లేక వల కదల్లా వదినా" అన్నాడు. లే మామా.
నీ దుర్గ

ప్రియమైన దుర్గకు,
నిన్న గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయింది. ఈ పొద్దు డాక్టరమ్మ మళ్లీ లెక్కపెట్టమన్నారు. పదకొండు దాకా వెళ్లాను. దొంగ ఊపిరి పెదవి చివరే ఉంది, తీయలేదు. "అంతేనమ్మా, ఇంక రాలా" అన్నాను. ఆమె నవ్వి వీపు తట్టారు. ఈ సారి వలతాడు దగ్గర తమ్ముడే పాట ఎత్తనీ, మనిద్దరం ఇసుకలో కూర్చుని విందాం. డాక్టరమ్మకు చెప్పేస్తానని నన్నంత భయపెట్టినందుకు నీ మీద కోపంగానే ఉంది. నువ్వన్నట్టే, బతికుండి కోప్పడుతున్నాను.
నీ పెంచల్