ఉప్పు కలిపిన ఐసు

మంగళవారం, బందరు

ఓపిక లేదు. రొయ్య కణాల్లో కైనేజ్ ప్రోటీన్ జాడ చూపే యాంటీబాడీ కోసం నెలల తరబడి ఎదురుచూశాను. ఆ మందు సీసా బెజవాడ కొరియర్ ఆఫీసులో ఆగిపోతే, నాగాయలంక రొయ్యల వ్యాన్ నడిపే రాంబాబు బాబాయ్ తెచ్చిపెట్టాడు. చల్లగా తెమ్మన్నాను. గడ్డకడితే పాడవుతుందని చెప్పాలని తోచలేదు. రొయ్యలకు చేసినట్టే ఐసులో ఉప్పు కలిపి, సీసాను అందులో పూడ్చి తెచ్చాడు. ఉప్పుతో ఐసు మామూలు కన్నా చల్లబడి, మందు రాయిలా గడ్డకట్టింది. కరిగించి పరీక్ష చేస్తే, ప్రోటీన్ ఉన్నచోట పడాల్సిన గీత ఇవాళ ఫిల్మ్ మీద ఒక్కటి కూడా పడలేదు.

నా పరిశోధన గైడ్‌గారికి ఏం చెప్పాలో... మళ్ళీ తెప్పిస్తారో లేదో...

సాయంత్రం ల్యాబ్ గేటు దగ్గర బాబాయ్ వ్యాన్ ఆపాడు.

"పనిచేసిందామ్మా? నా పెట్టెలో పెట్టింది చెడిపోవడమన్నది లేదు."

"బాగా చల్లగా వచ్చింది బాబాయ్."

"ఈసారి ఉప్పు ఇంకాస్త దట్టించి తెస్తాలే!"

తల ఊపాను.