నాన్న వాటా

గాజువాక, మంగళవారం

అత్తయ్యా, ఇక్కడ ముగ్గురం బాగున్నాం. మీ అబ్బాయి పడవ వదిలి ఆటోనగర్ వర్క్‌షాపులో చేరినప్పటి నుంచి మామయ్య మా ఫోన్ కట్ చేసేస్తున్నారు, అందుకే కార్డు.

తన్వికను ఇంకా బడిలో వేయలేదు. ఇంట్లోనే వారానికో ఆట పెట్టి రంగులూ అంకెలూ నేర్పుతున్నాను. ఈ వారం సముద్రం. నా నీలం చీర నేల మీద పరిచి, అట్టతో చేపలు కత్తిరించి వేసి, ఏ రంగువి ఆ రంగు పక్కన పెట్టమన్నాను. అది రంగుల సంగతే పట్టించుకోలేదు. కుప్పలు పోసి, "ఇది పడవకి, ఇది వలకి, ఇది తాతకి, ఇది నాన్నకి" అంది.

"మీ నాన్న పడవెక్కడు కదే, ఆయనకి వాటా ఏటి?" అన్నాను.

"తాత రోజూ తీత్తాడు. నాను సూసాను" అంది. మొన్న నేనూ అదీ అక్కడ ఉన్నప్పుడు చూసిందట.

డ్యూటీకి బయల్దేరుతూ మీ అబ్బాయి విన్నారు. తన కుప్పలోంచి ఒక అట్ట చేప తీసి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

పాప పసుపు గౌను మీ దండెం మీద ఉండిపోయింది, తీసి ఉంచండి. మోకాలి నొప్పి తగ్గిందా? నూనె రాయడం మానకండి. మీరు పంపే ఎండు చేపలు ఎవరి వాటావో ఇప్పుడు తెలిసింది.

మామయ్యకు నమస్కారాలు. ఈ ఆదివారం తీసే వాటా మాత్రం ఎండబెట్టకండి. తీసుకోవడానికి ఆ వాటా గల మనిషే వస్తున్నారు.

మీ కోడలు
జ్యోతిర్మయి