పార్వతి లెక్కల్లో గట్టెక్కింది

2006 మే, శుక్రవారం రాత్రి.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మనసు కుదుటపడింది. ఇది రాసిగాని పడుకోను.

మా వీధి చివరి హైస్కూలు పిల్ల పార్వతి లెక్కల్లో గట్టెక్కింది. వాళ్లది చీడికాడ వైపు కొండ ఊరు. చెరకు ఆడే రోజుల్లో ఇంటిల్లిపాదీ ఇక్కడ కశింకోటలో బెల్లం వండేచోటే ఉంటారు, ఆ పనిలో పడి పార్వతికి తరచూ బడి పోయేది. ఈ బడిలో సగానికి సగం అలాంటి పిల్లలే. బడి ఉత్తీర్ణత శాతం పడిపోతుందని హెడ్మాస్టరు ఆ పిల్లను ఈ ఏడు పరీక్షకు పంపనన్నాడు. సాయంత్రాలు మా ఇంట్లో లెక్కలు నేను చెబుతానని పూచీ పడ్డాను. తీరా చూస్తే, ఈ బడిలో పరీక్ష తప్పిన ఇద్దరూ ఒక్కరోజూ బడి మానని టౌను పిల్లలు.

సాయంత్రం పార్వతి తండ్రి అప్పారావు పిల్లను వెంటబెట్టుకుని బెల్లం దిమ్మ పట్టుకొచ్చాడు.

"మీ బెత్తానికి బయపడే సదివినాదండి, అమ్మగోరూ."

"బెత్తం ఎక్కడిది? లెక్క సరిగ్గా వచ్చేదాకా ఇంటికి పంపలేదు, అంతే."

"అందుకేనండి, సీకటడిపోతే లాంతరట్టుకుని ఎతుక్కుంటా వచ్చీవోడిని."

ఇద్దరం నవ్వుకున్నాం. వెళ్తూ వెళ్తూ, "ఇంక సదువైపోనాది గదండి, ఈ యేడు పిల్లని సెరుకు కోతకి తీసుకెల్లిపోతాను" అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషికి అప్పుడే ఎదురు చెప్పలేకపోయాను. ఆ పిల్ల మాత్రం తలుపు దగ్గర నా వైపే చూస్తూ నిలబడింది.

రేపు చేయవలసినవి:

1. హెడ్మాస్టరును కలిసి పార్వతి టీసీ అడగాలి.
2. ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే వీలుందేమో కనుక్కోవాలి.
3. అప్పారావును కూర్చోబెట్టి, ముందు పార్వతినే మాట్లాడమనాలి. నేను మధ్యలో నోరెత్తకూడదు.