అమ్మ గోకేసిన ఎర్ర చుక్క

నాన్నా, నేను బాగున్నాను. నువ్విచ్చిన మన స్టూడియో లెన్సు సంగతి వెంటనే అడగాల్సి వచ్చి రాస్తున్నాను. కంటికి కనబడని తెగులు పట్టడానికి ఇక్కడి పంటల ల్యాబులో మేము ఆకులను ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఫొటో తీస్తాం. ఎంత చక్కగా ఫోకస్ కుదిర్చినా మసకగానే వస్తోంది. “ఆ వెలుగుకు ఫోకస్ వేరేచోట కుదురుతుంది. లెన్సు రింగును దాని మీది ఎర్ర చుక్క దాకా జరపాలమ్మాయ్, చుక్కేదీ?” అన్నారు పని నేర్పే మాస్టారు. బయల్దేరేటప్పుడు అమ్మ “ఏదో రంగు మరకే, గోకేశా” అన్నది దాన్నే! కోప్పడకు. కొంచెం కొంచెం జరిపి తీస్తే ఒకచోట ఈనెలు కూడా తేటగా వచ్చాయి. అక్కడ పెన్సిల్ గీత పెట్టాను. అది సరైన చోటో కాదో తేలాలి; అసలు చుక్క లెన్సు మీది నడిమి గీతకు ఏ పక్కన, ఎంత దూరాన ఉండేదో నువ్వు చెబితే చెల్లి బొమ్మ గీసి పంపుతుంది. ఇందుకోసం దాన్ని బడి మాన్పించకు. అమ్మకు నమస్కారాలు. పదిహేనున ఫొటోలు చూసి నన్ను పనిలో ఉంచుకునేదీ లేనిదీ తేలుస్తారు. పన్నెండులోపు జవాబు అందేలా చూడు.