దించకు

4 డిసెంబరు 1983
చీతా నగరం అవతల

ప్రియమైన అమ్మకు,

నేను బతికే ఉన్నాను. ఇక్కడ చలి మైనస్ నలభై. బూట్లు సరిపోయాయి, ప్యాంటు సరిపోలేదు. బట్టలిచ్చే సార్జెంటు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నీ నడుముకి గుడారం గుడ్డ కత్తిరించాలిరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని.

ఇక్కడ నా పేరు గేనా కాదు, పీపా. తూకం వేస్తే తొంభై ఎనిమిది కిలోలు తేలాను. జువేవ్ అని ఒకడున్నాడు. ఏడాదిన్నర సర్వీసు దాటినవాళ్ళని ఇక్కడ తాతలంటారు, వాడు ఆ తాతల్లో పెద్ద. నా చక్కెర, నా వెన్న వాడికే పోతాయి. వాళ్ళ కాలర్ల లోపలి తెల్ల గుడ్డ మేమే రోజూ విప్పి, ఉతికి, మళ్ళీ కుట్టాలి. బ్యారక్ మూలన నాన్న ఎత్తేవాడే, ఆ పిడి ఉన్న ఇనపగుండ్లు ఉన్నాయి. నిన్న జువేవ్ ఇరవై నాలుగు కిలోలది నా చేతుల్లో పెట్టి, "ఇది నీ బిడ్డ. ఏడుస్తోంది, జోకొట్టు" అన్నాడు. గంటసేపు జోకొడుతూ తిరిగాను. తర్వాత చెంచా పట్టుకుంటే జారిపోయింది.

ఈ తప్పనిసరి సైన్యంలో రెండేళ్ళు నా వల్ల కాదమ్మా. ఏదో ఒకటి చేసుకుంటాను. నీ మీద కోపం లేదు.

నీ గేనా

*

26 డిసెంబరు 1983
కొలొగ్రీవ్

నా బంగారు గేనాకు,

ఏదో ఒకటి చేసుకుంటావా? చేసుకో, అక్కడికే వచ్చి చెంప పగలగొడతాను. ఆ ముక్క చదివాక మిల్లు క్యాంటీన్‌లో బోర్ష్ మాడ్చేశాను. కలప కోసే మగాళ్ళు నలభై మంది మాడు సూప్ తిని కిక్కురుమనలేదు, నా మొహం అలా ఉంది మరి.

తప్పు నాదే. మీ నాన్న పోయాక ఇంట్లో ఏడుపు వినపడకుండా నీ నోట్లో పిండివంటలు కుక్కుతూ కూర్చున్నాను. నువ్వు తిన్నావు, నేను పెట్టాను. ఇప్పుడు ఇద్దరం కలిసి దింపుదాం.

జువేవ్ నీకు జోకొట్టమని ఇచ్చిన గుండునే పట్టుకో. మీ నాన్న అర్కాదీ ఎనిమిదేళ్ళు మిల్లు తరఫున మొదటి బహుమతి తెచ్చింది అలాంటిదానితోనే. నువ్వు చిన్నప్పుడు దాని దగ్గరికి వెళ్ళమంటే పారిపోయేవాడివి. ఆయన చేసింది నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది, రాస్తున్నాను. మొదలు పదహారు కిలోలది. చేత్తో లాగకు, చేతులు తాళ్ళనుకో. రెండు కాళ్ళ మధ్యకు ఊపి, పిర్రలు బిగించి నడుముతో విసురు, గుండు దానంతటదే లేస్తుంది. దిగేటప్పుడు ఊపిరి పీల్చు, లేచేటప్పుడు వదులు. మొదటి వారం రెండు నిమిషాలు చాలు. వారానికో నిమిషం పెంచు. పది నిమిషాలు నేల తాకకుండా, చేతులు మార్చుకుంటూ ఊపగలిగిన రోజున పెద్దదాని జోలికి వెళ్ళు. రోజు విడిచి రోజు. జ్వరమొస్తే తప్ప మానొద్దు. అరచేతిలో కాయ లేస్తే నురగరాయితో రుద్దు, లేకపోతే చిరుగుతుంది.

బ్రెడ్ సగం తిను. వెన్న ఎలాగూ జువేవ్ తింటున్నాడు కదా, వాడి పొట్ట పెరగనీ.

నీ పొట్టని కన్న
అమ్మ

*

19 ఫిబ్రవరి 1984

ప్రియమైన అమ్మకు,

నా వల్ల కాలేదు. ఆరు వారాలు చేశాను. కాయ చిరిగి అరచెయ్యి పచ్చిపుండైంది. గుండు తిరగబడి ముంజేతి మీద కొట్టుకుని మోచేతిదాకా నల్లబడింది. బరువు నాలుగు కిలోలే తగ్గింది. నేను ఊపుతుంటే జువేవ్ మనుషులు చుట్టూ నిలబడి లెక్కపెడతారు, మధ్యలో కావాలనే అంకెలు తప్పిస్తారు. ఏడో నిమిషంలో ఏడుపొచ్చింది, దించేశాను. చప్పట్లు కొట్టారు.

ఇక మానేస్తున్నాను. పీపా పీపాగానే ఉంటాడు.

గేనా

*

8 మార్చి 1984

నా కొడుకు గేనాకు,

ఇవాళ ఆడవాళ్ళ పండగ. క్యాంటీన్‌లో నాకు మిమోసా పూలిచ్చారు. వాటిని బకెట్లో పడేసి కూర్చుని ఇది రాస్తున్నాను.

ఎవరిని అడిగి దించావు? ఏడుపొస్తే ఏడువు, ఎవరొద్దన్నారు! ఏడుస్తూ కూడా ఊపొచ్చు. కళ్ళు వేరు, చేతులు వేరు. నువ్వు దించిన ప్రతిసారీ వాళ్ళు నీ నెత్తికెక్కుతారు. నడుం విరిగినా దించకు. పక్కన ఎవడు కూసినా దించకు. ఆ పది నిమిషాలు అయ్యేదాకా నువ్వు నా కొడుకువి కావు, ఆ గుండుకి పిడివి. అంతే. ఇంకోసారి దించానని రాస్తే ఆ ఉత్తరం చదవను.

చేతులకు బాతు కొవ్వు పంపుతున్నాను, రాసుకో. తినకు.

జినాయిదా, అంటే మీ అమ్మ

*

30 ఆగస్టు 1984

ప్రియాతిప్రియమైన అమ్మకు,

కూర్చుని చదువు. డెబ్బై తొమ్మిది! పందొమ్మిది కిలోలు పోయాయి. బెల్టుకి మేకుతో నాలుగు కొత్త రంధ్రాలు పొడిచాను. ఇరవై నాలుగు కిలోలది పది నిమిషాలు, నేల తాకకుండా, కుడిచేత్తో తొంభై, ఎడమచేత్తో ఎనభై మూడు. రెజిమెంటు పోటీలో రెండో స్థానం. కమాండరు చెయ్యి కలిపి, "ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా అమ్మ" అంటే నమ్మలేదు.

నువ్వు "దించకు" అని రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని ఊపేవాణ్ణి. మే నెలలో జువేవ్ నా చక్కెర కోసం చెయ్యి చాపాడు. వాడి మణికట్టు పట్టుకున్నానంతే, కొట్టలేదు. వాడే మెల్లగా, "సరేలేరా గేనా, తాగు" అన్నాడు. గేనా అన్నాడమ్మా! ఆరు నెలల తర్వాత నా పేరు విన్నాను. ఆ రోజు టీలో నాలుగు ముక్కలు వేసుకున్నాను. నువ్వు తిట్టినా సరే.

నీ సన్నబడ్డ కొడుకు

*

21 సెప్టెంబరు 1984

నా వీరుడు గేనాకు,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో గట్టిగా చదివాను. రంపం దగ్గర పనిచేసే ముసలి తిమొఫే లేచి నిలబడి, "అర్కాదీ బతికొచ్చాడే జినా!" అన్నాడు. వాడికి రెండు కట్లెట్లు ఎక్కువ వేశాను. ఇంటికొచ్చి తలుపేసుకుని తనివితీరా ఏడ్చాను. ఫోటో పంపు. మెడ కనపడేలా దిగు, నీకు మెడ ఉంటుందని నేనింతవరకూ చూడలేదు.

ఒకటి చెప్తాను విను. శీతాకాలం కొత్తవాళ్ళొస్తారు. వాళ్ళలో ఎవడో ఒకడు నీలాగే లావుగా, బిక్కుబిక్కుమంటూ ఉంటాడు. వాణ్ణి చేరదీసి నేర్పు. మీ నాన్న సంతోషిస్తాడు.

గర్వంతో పొంగిపోతున్న
అమ్మ

*

28 జనవరి 1985

ప్రియమైన అమ్మకు,

నువ్వన్నట్టే వచ్చాడు! తోల్యా అని, నూట నాలుగు కిలోలు. ఎక్కడివాడనుకున్నావ్? మన మకార్యెవ్ వాడే. వాళ్ళమ్మ క్లావ్దియా అక్కడ లాండ్రీలో చేస్తుంది, ఇల్లు రేవు పక్కనే. వీలైతే ఒకసారి వెళ్ళి పలకరించి రా.

వీడు నా మనిషని అందరికీ చెప్పేశాను. వేరే ఎవరూ వేలు పెట్టరు. రోజు విడిచి రోజు కాదు, రోజూ రెండు పూటలా చేయిస్తున్నాను. పదహారుతో మొదలుపెట్టించి మూడో వారానికే ఇరవై నాలుగుకి ఎక్కించాను. మధ్యలో దించితే మొదటినుంచి మళ్ళీ. ఏడుస్తాడు. "ఏడుస్తూ కూడా ఊపొచ్చురా, కళ్ళు వేరు, చేతులు వేరు" అంటాను, కుర్రాళ్ళు పడీ పడీ నవ్వుతారు. చక్కెర, వెన్న నేనే తీసేసుకుంటున్నాను, వాడి మంచికే. రెండు నెలల్లో పదహారు కిలోలు తగ్గాడు! నాకు ఆరు నెలలు పట్టింది. కృతజ్ఞత కొద్దీ నా కాలర్ గుడ్డ కూడా వాడే కుట్టిపెడతాడు. ఇప్పుడు ఊపడం అయిపోయింది, తలమీదకెత్తి నిలబెట్టడం నేర్పుతున్నాను. ఊరికే నిలబడాలి, అంతే. నేను చాలన్నదాకా.

నన్ను ఇక్కడ ఏమంటున్నారో తెలుసా? మాస్టారు!

నీ గేనా

*

17 ఫిబ్రవరి 1985

మాస్టారు గారికి,

చదివి ఎంత మురిసిపోయానో చెప్పలేను. మకార్యెవ్‌లో ఒక తల్లి కడుపు చల్లగా ఉందంటే నా కొడుకు వల్ల! మార్చి మూడు ఆదివారం సెలవు దొరికింది. క్యాబేజీ కూరి పిరోగ్ కాల్చుకుని వెళ్తాను. మన గొప్పలు మనమే చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటాను, నన్నెవడూ ఆపలేడు.

ముద్దులతో
అమ్మ

*

22 ఫిబ్రవరి 1985

అమ్మా,

మకార్యెవ్ వెళ్ళకు. తోల్యాకి దెబ్బ తగిలింది. వాడంతట వాడే సాధన చేస్తుంటే గుండు మీద పడింది. అందరం అదే చెప్పాం, వాడూ అదే చెప్పాడు. మిలిటరీ ప్రాసిక్యూటరు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి అడుగుతున్నాడు. నా ఉత్తరాలు పొయ్యిలో పెట్టు. అన్నీ. ముఖ్యంగా జనవరిది. ఎవరైనా అడిగితే వాతావరణం గురించే రాస్తాడని చెప్పు.

నేనేం చెయ్యలేదమ్మా. నువ్వు నాకు నేర్పిందే వాడికి నేర్పాను.

గేనా

*

14 మార్చి 1985
కొలొగ్రీవ్

గేనా,

నీ ఉత్తరం మార్చి నాలుగున వచ్చింది. నేను మూడున వెళ్ళొచ్చాను.

రెండు బస్సులు మారి, చల్లారిపోకుండా పిరోగ్‌ని శాలువాలో చుట్టుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. నేల మీద పెట్టె తెరిచి పెట్టుకుని ఒకావిడ దుప్పట్లు సర్దుతోంది. గుమ్మంలోనే మొదలుపెట్టాను. "క్లావ్దియా నువ్వేనా తల్లీ? నేను గేనా వాళ్ళమ్మని, జినాయిదా పెత్రోవ్నాని! మీవాణ్ణి మావాడే మనిషిని చేస్తున్నాడు, పదహారు కిలోలు తగ్గాడటగా, నోరు తీపి చెయ్యి నాకు!" ఇవే మాటలు, గేనా. ఒక్కటీ మర్చిపోలేదు. మర్చిపోదామంటే పోవడం లేదు.

ఆవిడ నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేసింది. "గేనా వాళ్ళమ్మా మీరు? కూర్చోండక్కా. మా తోల్యా ప్రతి ఉత్తరంలో రాసేవాడు, గేనా నన్ను చూసుకుంటున్నాడు, నువ్వు బెంగపడకు అని. మీ కడుపున మంచి బిడ్డ పుట్టాడక్కా" అంది. టీ పెట్టింది. నా పిరోగ్ కోసి నాకే పెట్టింది. అప్పుడు చెప్పింది. చీతా ఆసుపత్రిలో కొడుకు పక్కన పదిరోజులు ఉండి, దుప్పట్లు, గిన్నెలు పట్టుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళిపోవడానికి వచ్చిందట, తొమ్మిదిన రైలట. తలమీదకెత్తిన ఇనపగుండు వెనక్కి జారి మెడ కింద వెన్ను మీద పడింది. వెన్నుపూస విరిగింది. చేతులు కాస్త కదులుతున్నాయి, కాళ్ళు కదలవు. ఇక కదలవట. పంతొమ్మిదేళ్ళు వాడికి.

"ఒకటి మాత్రం అర్థం కావట్లేదక్కా" అంది. "మావాడు చిన్నప్పటినుంచి బద్ధకస్తుడు. మంచినీళ్ళు కూడా లేచి తాగడు. వాడంతట వాడు ఇరవై నాలుగు కిలోలు నెత్తిమీద పెట్టుకుని ఎందుకు నిలబడ్డాడు? అడిగితే గోడవైపు చూస్తాడు. ఎముకలు తేలిపోయాడు, వాడికి తిండే పెట్టలేదా? మీవాణ్ణి ఒకసారి అడుగుతారా? మీవాడికి చెప్పే ఉంటాడు, స్నేహితుడు కదా."

అడుగుతానన్నాను. ఆ పిరోగ్ ముక్క మింగి, అడుగుతానని చెప్పి బస్సెక్కాను.

ఇంటికొచ్చి జనవరి ఉత్తరం మళ్ళీ చదివాను. చక్కెర, వెన్న, కాలర్ గుడ్డ, పడీ పడీ నవ్వడం. అన్నీ ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడూ ఉన్నాయి. నేను చూసింది ఒక్క పదహారు కిలోలే. జువేవ్ రాసిన ఉత్తరమైతే మొదటి వాక్యంలోనే కనిపెట్టి ఉండేదాన్ని, వాడి ఏడుతరాలనీ తిట్టి ఉండేదాన్ని. నా కొడుకు రాశాడు కనక కన్నీళ్ళు పెట్టుకుని మురిశాను.

ఇంకోటుంది, అది నీకు ఎప్పుడూ రాయలేదు. మీ నాన్న మిల్లు కుర్రాళ్ళకి నేర్పేటప్పుడు మొట్టమొదట చెప్పేది ఎత్తడం గురించి కాదు. "ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించినప్పుడే దించెయ్యండ్రా, దించింది మీరు కాబట్టి రేపు మళ్ళీ వస్తారు" అనేవాడు. ఎవడి చేతులైనా వణికితే ఆయనే పరిగెత్తుకెళ్ళి గుండు అందుకునేవాడు. నాకు గుర్తులేక కాదు రాయనిది. ఆ మాట చెప్తే నువ్వు దాన్ని సాకు చేసుకుని రోజూ దించేస్తావని, కావాలని రాయలేదు. నిన్ను బతికించుకోవాలి నేను, అంతే తెలుసు నాకు. బతికించుకున్నాను. ఎలాంటివాణ్ణి బతికించుకున్నానో ఇప్పుడు చూస్తున్నాను.

నీ ఫిబ్రవరి ఉత్తరం, పొయ్యిలో పెట్టమన్నది, మూడు రోజులు నా గౌను జేబులోనే ఉంది. పొయ్యి మూత తీశాను కూడా. ఎందుకు తీయను? తల్లిని. నీకు ఇంకా ఎనిమిది నెలల సర్వీసే ఉంది. నోరు మూసుకుంటే నువ్వు ఇంటికొస్తావు, తిమొఫే నిన్ను మిల్లులో పెట్టిస్తాడు, పెళ్ళవుతుంది. మీ ఇద్దరికీ వండిపెడతాను. ఇవన్నీ ఆ పొయ్యి ముందే అనుకున్నాను. కానీ క్లావ్దియా వేసిన ప్రశ్నకి జవాబు ప్రపంచంలో ఒక్క నా దగ్గరే ఉంది. అది లేకపోతే ఆ తల్లి బతికినన్నాళ్ళూ, పిల్లాడి పక్కబట్టలు మారుస్తూ, "నువ్వెందుకు ఎత్తావురా" అని వాణ్ణే అడుగుతుంది.

ఎనిమిదో తారీఖున మళ్ళీ మకార్యెవ్ వెళ్ళాను. పండగ, బస్సులో అందరి చేతుల్లోనూ పూలే. నేను నీ ఉత్తరాలన్నీ తీసుకెళ్ళాను, క్లావ్దియాకి ఇచ్చి ప్రాసిక్యూటరుకి చూపించమనడానికి. జనవరిదే కాదు, జువేవ్ నీచేత గుండుని జోకొట్టించాడని రాసిన మొదటిది కూడా, అది కూడా చదవాలి కదా ఎవరైనా. నిన్ను విచారణ చేస్తారు. శిక్షా బెటాలియన్‌కి పంపొచ్చు, ఇంకా పెద్దదే పడొచ్చు. నా మీద ఉమ్ముతావో, జన్మలో మొహం చూడవో, నీ ఇష్టం. ఎక్కడికి పంపినా నేను వస్తాను. వచ్చి బయట నిలబడతాను. నువ్వు రానంటే ఆ రోజుకి వెనక్కి పోయి మళ్ళీ వస్తాను. నువ్వు నా బిడ్డవి కాకుండా పోవు, ఇప్పుడు కూడా. అదే నా ఖర్మ.

క్లావ్దియా కిటికీ దగ్గర నిలబడి జనవరి ఉత్తరం రెండుసార్లు చదివింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుందనుకున్నాను, అదీ చెయ్యలేదు. "ఇది మీవాడి చేతిరాతేనా?" అని అడిగింది.

"అవును తల్లీ," అన్నాను. "నేనే నేర్పాను."

అమ్మ