ఇరవై పొట్లాల ముగ్గుపిండి

భిలాయి, సెక్టర్ 7
12-12-2024

చి. సౌ. అరుణకుమారికి అమ్మ ఆశీస్సులు. మన రజనిని ఇక్కడ రైల్వే స్టేషన్లో పోలీసులు ఆపారని నీకెవరో ఫోను చేశారట. కంగారుపడకు, నీ కూతురు నా పక్కనే కూర్చుని ఇడ్లీలు తింటోంది. జరిగింది సగం సగం వినకుండా ఈ కార్డు చదువు.

తప్పు నాదే. ధనుర్మాసానికి ఇక్కడి ఖుర్సీపార్ బస్తీలో మన తెలుగు ఆడవాళ్ళకు పంచాలని, ముగ్గుపిండిని సరిగ్గా వంద గ్రాముల చొప్పున ఇరవై పొట్లాలు కట్టి రజని చేత పంపమని నీకు చెప్పాను. ఆ సరి తూకమే పోలీసులకు అనుమానం తెచ్చింది. కబురంది నేను స్టేషనుకు వెళ్ళేసరికి ఉదయం పది గంటలు. పదకొండింటికి ఉక్కు కర్మాగారం లేబొరేటరీలో రజనికి ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"దాదీ, ఇంత బరాబర్ తూకం మత్తుమందు వాళ్ళే వేస్తారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లెక్క తెలిసినవాళ్ళూ వేస్తారు బేటా" అన్నాను.

చేతిలో ఇమిడే యంత్రం తెచ్చి, పొట్లం విప్పకుండానే కవరుకు ఆనించి కాంతి వేశాడు. నిమిషంలో తెర మీద కాల్షియం కార్బొనేట్ అని వచ్చింది. ఉక్కు కొలిమిలో వేసే సున్నపురాయి కూడా అదేనట. మూడు చూసి చాలన్నాడు. ఇరవయ్యీ చూడాల్సిందే అన్నాను.

"అమ్మమ్మా, నా ఇంటర్వ్యూ ఏటయిపోవాలి?" అంది రజని.

ఇరవయ్యీ చూశాక రజనిని పోలీసు జీపులోనే లేబొరేటరీ దగ్గర దింపారు. ఆలస్యమెందుకయిందని ఇంటర్వ్యూలో అడిగితే, ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పిందట. ఉద్యోగం ఇచ్చారు.

మీ అత్తగారికి నా నమస్కారాలు. ఇక చేయవలసినవి:

1. ఇకమీదట ముగ్గుపిండి ఒకే సంచిలో పోసి, పైన పేరు రాయి.
2. రజని డిగ్రీ సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపు.
3. జనవరి ఒకటిన పిల్ల ఉద్యోగంలో చేరుతుంది. ఆ ఉదయం నువ్వూ అల్లుడూ ఇక్కడ ఉండాలి.

అమ్మ